కనబడని పడవకే అనుమతి

మా శాఖలో పనిచేసేవాళ్లకు కళ్లున్నాయన్న సంగతి మొన్న ఫిబ్రవరి దాకా మా శాఖకు తెలియదు. తెలిసిన మర్నాడే సర్క్యులర్ వచ్చేసింది.

అంతకుముందు వారం మా డైరెక్టర్ గారు రాజధానిలో ఏదో ఆరోగ్య సదస్సుకు వెళ్లారట. కంప్యూటర్ తెరలోంచి నీలి కాంతి వస్తుందనీ, అది కంట్లోకి దూరి నిద్రను, జ్ఞాపకశక్తిని, పోనుపోను ప్రమోషన్లను కూడా పాడు చేస్తుందనీ అక్కడొక పెద్దమనిషి ఉపన్యసించాడట. ప్రమోషన్ల మాట ఆయన నిజంగా అన్నాడో లేదో నేను పూచీ పడలేను. మా ఆఫీసుకు చేరేసరికి అదీ కలిసింది. డైరెక్టర్ గారు సదస్సులోనే ఒక జత కళ్లద్దాలు కొనుక్కుని, వాటిలోంచి చూస్తూనే సర్క్యులర్ మీద సంతకం చేశారు.

"కంప్యూటర్ ఎదుట ఆసీనులై ఉన్నంతసేపు ప్రతి ఉద్యోగి నీలి కాంతి నిరోధక కళ్లద్దములను విధిగా ధరించవలెను. మధ్యలో వానిని తొలగించినవారు తమ ఆరోగ్యమునకే గాక శాఖ ఆరోగ్యమునకు సైతము భంగము కలిగించినట్లు పరిగణించబడుదురు. ఏ రకము కళ్లద్దములను ఎంచుకొనవలెనో ఆయా కార్యాలయములు కమిటీల ద్వారా నిర్ణయించుకొనవలెను."

నేను కొత్తరేవులో మర పడవల అనుమతుల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. పేరు పైడినాయుడు. మా పని చిన్నదే. ఏటా ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. మళ్లీ వేట మొదలయ్యేలోగా ప్రతి పడవకూ మేం కొత్తగా అనుమతి ఇవ్వాలి. అనుమతి లేని పడవ నీళ్లలో దిగితే గస్తీవాళ్లు పట్టుకుపోతారు. ఒకప్పుడు ఒడ్డుకు వెళ్లి పడవను చేత్తో తట్టి చూసి సంతకం పెట్టేవాళ్లం. ఇప్పుడు యజమాని పంపిన ఫొటోని కంప్యూటర్లో చూసి మీట నొక్కుతాం. సాయంత్రమయ్యేసరికి పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో నలుపుకున్నట్టు నా కళ్లు భగభగమనేవి. అందుచేత సర్క్యులర్ చదివి అందరికంటే ముందు సంబరపడ్డది నేనే.

కళ్లద్దాల ఎంపిక కమిటీకి మా డిప్యూటీ డైరెక్టర్ వైకుంఠరావు గారు అధ్యక్షులు. సూపరింటెండెంట్ హైమావతి గారు సభ్యురాలు. సమావేశంలో జరిగింది రాయడానికి ఎవరో ఒకరు కావాలి కనుక నేను కన్వీనర్ని.

పట్నం నుంచి కళ్లద్దాల కంపెనీ కుర్రాడొకడు టై కట్టుకుని వచ్చాడు. బల్ల మీద మూడు రకాలు పరిచాడు. మొదటివి మామూలు అద్దాల్లాగే తెల్లగా ఉన్నాయి. రెండోవి లేత పసుపు. మూడోవి ముదురు బెల్లం పాకం రంగు. జేబులోంచి నీలం లైటు పెన్నొకటి తీసి తెల్ల కాగితం మీద చుక్క వేశాడు. తెల్లద్దం అడ్డుపెడితే చుక్క అలాగే ఉంది. పసుపుద్దం పెడితే కాస్త నీరసించింది. బెల్లం పాకం అద్దం పెట్టేసరికి మాయమైపోయింది.

"చచ్చింది సార్" అన్నాడు కుర్రాడు.

వైకుంఠరావు గారు ముందుకు వంగి, చుక్క నిజంగానే చచ్చిందో లేదో కాగితాన్ని వేలితో తడిమి చూశారు.

"కానీ సార్, ఇవి పడుకోబోయే ముందు పెట్టుకునేవి. ఆఫీసుకైతే తెల్లవి చాలు. వీటిలో రంగులన్నీ మారిపోతాయి" అని అమ్మేవాడే చెప్పాడు. పాపం, మంచివాడు.

నిపుణుల అభిప్రాయం కూడా తీసుకోవాలని సర్క్యులర్లో ఉంది. అందుకని పెద్దాసుపత్రి నుంచి కళ్ల డాక్టర్ పద్మజ గారిని పిలిపించాం. ఆవిడ మూడు రకాలనూ చూసి ఏదీ ముట్టుకోలేదు.

"కంప్యూటర్ ముందు కళ్లు మండేది నీలి కాంతి వల్ల కాదండీ. తెర వంక చూస్తూ రెప్ప వేయడం మర్చిపోతాం, కళ్లు ఎండిపోతాయి. మధ్యమధ్యలో లేచి దూరంగా ఉన్నదేదైనా కాసేపు చూడండి. చత్వారం వచ్చినవాళ్లు నంబరు చూపించుకుని అద్దాలు మార్చుకోండి. మీకేమండీ, కిటికీ తెరిస్తే ఎదురుగా సముద్రం!"

వైకుంఠరావు గారు గొంతు సవరించుకున్నారు.

"డాక్టర్ గారూ, తమరి సలహా అమూల్యం. అయితే ఈ దూరంగా చూడడం అనే పరికరానికి టెండరు ఏ పద్ధతిలో పిలవాలో తమరు సెలవివ్వలేదు."

"రేపు ఆడిట్ వాళ్లొచ్చి ఉద్యోగుల కళ్లకు ఏం చేశారని అడిగితే, రెప్పలు వేశామని చెప్పమంటారా సార్?" అన్నారు హైమావతి గారు.

డాక్టర్ గారు టీ తాగి వెళ్లిపోయారు. "నిపుణుల అభిప్రాయము వినబడినది" అని నేను రాశాను.

ఇక ఎంపిక. వైకుంఠరావు గారు ఒక్కటే ప్రశ్న వేశారు. "కొంత ఆపే అద్దాలు కొన్నామనుకోండి. ఆపగా మిగిలిన కాంతి లోపలికి పోతే దానికి బాధ్యులెవరు?" బాధ్యత అన్న మాట వినబడగానే మా ఆఫీసులో ఎవరికీ సొంత అభిప్రాయాలు మిగలవు. బెల్లం పాకం అద్దాలు ఏకగ్రీవంగా నెగ్గాయి.

అద్దాలు వచ్చిన రోజున ఆఫీసు వరండాలో నిలబెట్టి మాచేత ప్రతిజ్ఞ చేయించారు. "నా కళ్లు నావి కావు, శాఖవి" అని దాని మొదటి వాక్యం. తర్వాత అందరం అద్దాలు పెట్టుకుని లోపలికెళ్లి ఎవరి కుర్చీ ఎక్కడుందో తడుముకుంటూ కూర్చున్నాం. నా కళ్లు ఎప్పటిలాగే మండాయి. కాకపోతే మండుతున్నాయని చెప్పే వీలు పోయింది. చెబితే అద్దాలు సరిగ్గా పెట్టుకోలేదని మెమో ఇస్తారు.

హైమావతి గారు ఆ వేళ కొత్త నెమలికంఠం చీర కట్టుకొచ్చారు. మధ్యాహ్నానికల్లా అది కాకి రంగుకు తిరిగిందని చీరల కొట్టువాడికి ఫోన్ చేసి నానా చీవాట్లూ పెట్టారు. వాడు ఫోన్లోనే కొట్టు దేవుడి మీద ఒట్టేశాడు.

వారం తిరక్కుండానే వైకుంఠరావు గారికి ఇంకో ప్రమాదం కనబడింది. కిటికీ ముందు నిలబడి చాలాసేపు ఆలోచించి నన్ను పిలిచారు.

"పైడినాయుడూ, కంప్యూటర్ తెర ఎంతుంటుంది?"

"మూరెడుంటుంది సార్."

"ఇదెంతుంది?" అని కిటికీలోంచి సముద్రాన్ని చూపించారు.

కొలత నాకు తెలియదని ఒప్పుకున్నాను. ఇంత పెద్ద నీలాన్ని ఇన్నేళ్లూ ఏ రక్షణా లేకుండా ఉద్యోగుల ఎదుట వదిలేసిన పాత అధికారులను ఆయన చాలా మాటలన్నారు. సాయంత్రానికి కిటికీలన్నిటికీ బెల్లం పాకం రంగు కాగితం అంటించి, రెక్కలు మూసి మేకులు కొట్టించారు. నా కుర్చీ కిటికీ పక్కనే. అప్పటిదాకా తల పోటెత్తినప్పుడల్లా అటు తిరిగి అలలు చూసేవాణ్ని. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అద్దాల వెనక కనబడలేదు గాని.

అలా ఉండగా వేట మొదలయ్యే రోజులు దగ్గరపడ్డాయి. ఫొటోలు రాసాగాయి. మొట్టమొదట వచ్చింది చోడిపల్లి గురమ్మ పడవ.

గురమ్మ రేవు బజారులో చేపలమ్ముతుంది. పడవ ఆవిడ పేరు మీదే ఉంది. నడిపేది మొగుడు దానయ్య. దానయ్య మాట్లాడగా విన్నవాళ్లు మా ఊళ్లో తక్కువ. ఇంటికి సరిపడా మాటలన్నీ గురమ్మే మాట్లాడుతుంది.

ఇక్కడ మా శాఖ నియమం ఒకటి చెప్పాలి. గస్తీవాళ్లు దూరం నుంచే గుర్తుపట్టాలని, మా రేవు పడవలన్నిటికీ నీలం రంగే వేయాలి. పక్కన తెల్ల రంగుతో నంబరు రాయాలి. పడవ నీళ్ల మీద ఉండగా ఫొటో తీసి పంపాలి. గురమ్మ అన్నీ అలాగే చేసింది. నేను ఫొటో తెరిచాను. బెల్లం పాకం అద్దాల్లోంచి చూస్తే నీలం నీళ్లు, నీలం పడవ, వెనక నీలం ఆకాశం, అంతా కలిసి ఒకటే ముదురు ముద్ద. అందులో తెల్ల అంకెలు మాత్రం తేలుతున్నాయి. అంకెల మీద దానయ్య నిలబడి ఉన్నాడు.

వైకుంఠరావు గారిని పిలిచి చూపించాను. ఆయన తెర దగ్గరగా వంగి చూశారు. తర్వాత దూరంగా జరిగి చూశారు.

"పడవేదీ?"

"అంకెలున్నాయి సార్."

"అంకెలకు అనుమతి ఇచ్చే అధికారం మనకు లేదు. ఈ మనిషెవరు?"

"దానయ్య సార్. నీళ్ల మీద నిలబడ్డాడు."

"అది దేవాదాయ శాఖ పరిధి" అన్నారాయన. "పడవ కానరానందున తిరస్కరించడమైనది" అని రాయించారు.

గంటలో గురమ్మ ఎండు చేపల గంప వరండాలో దింపి లోపలికి వచ్చేసింది.

"ఏటి బాబూ, మా పడవ నేదంటన్నారంట?"

"కంప్యూటర్లో కనబడలేదు గురమ్మా."

"కంపూటర్లో కనబడకపోతే కిటికీలోంచి సూడండి. అదిగో, ఎదురుగా ఒడ్డునే ఉన్నాది. ఇక్కడికి పది అంగలేస్తే మీ సెయ్యి తగుల్తాది."

"కిటికీకి మేకులు కొట్టేశారు."

గురమ్మ కిటికీని చూసింది. మేకులను చూసింది. తర్వాత నా మొహం మీది అద్దాలను చూసింది. "కళ్లకీ కొట్టీసినారా బాబూ?" అంది.

వైకుంఠరావు గారు గది బయటికి వచ్చి ఆవిడకు ఓపిగ్గానే విశదీకరించారు. "చూడమ్మా, కంటితో చూసిన పడవ నీ స్వవిషయం. కంప్యూటర్లో కనబడిన పడవ ప్రభుత్వ విషయం. ప్రత్యక్షీకరణకు అనువైన వర్ణము వేయించి, తిరిగి సమర్పించుకో."

"ఏటంటన్నారు?" అని గురమ్మ నన్నడిగింది.

"కనబడే రంగు వేయించమంటున్నారు. ఎరుపైతే బాగా కనబడుతుంది" అన్నాను.

గురమ్మ గంప ఎత్తుకుంటూ నాకు మాత్రమే వినబడేలా అంది. "రెండు నెల్లు ఒడ్డున కూకున్నాం బాబూ. వేట తెరిసిన తొలి నాలుగు రోజులే సేపలు దండిగా పడతాయి. ఇప్పుడు తప్పిందంటే వానాకాలమంతా మా ఇంట్లో కుండ లెగదు. నువ్వు కాస్త సూడు." చూస్తానన్నాను. నిజానికి చూడడమే మా ఆఫీసులో అన్నిటికంటే కష్టమైన పనిగా ఉంది.

అమ్మోరి గుడికి వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బాలు ఊరివాళ్ల దగ్గరున్నాయి. గురమ్మ, దానయ్య కలిసి పడవకు పూసేశారు. మళ్లీ ఫొటో వచ్చింది. తెర మీద ఎర్ర పడవ ఉట్టిపడుతోంది. ఎన్నాళ్లకో కంటికి ఒక వస్తువు ఆనింది కదా, ఆఫీసంతా నా బల్ల చుట్టూ మూగింది. వైకుంఠరావు గారు సైతం చప్పట్లు కొట్టారు. నేను మంజూరు మీట మీద వేలు పెట్టాను.

"ఒక్క నిమిషం" అన్నారు హైమావతి గారు. "నియమావళి ప్రకారం పడవ నీలంగా ఉండాలి. ఇది నీలమేనా?"

"అద్దాల్లో ఏ రంగు ఏదో చెప్పలేం గదా మేడమ్" అన్నాను.

"ఎందుకు చెప్పలేం? ఇంత బాగా కనబడుతోందంటే నీలం కాదన్నట్టే."

వైకుంఠరావు గారి చప్పట్లు ఆగిపోయాయి. గురమ్మ పడవ రెండోసారి కూడా పోయింది. మొదటిసారి కనబడనందుకు, రెండోసారి కనబడినందుకు.

మిగతా పడవల గతీ అంతే. నీలం పడవలన్నీ కనబడలేదని కొట్టేశాం. వేట మొదలయ్యే రోజు నెత్తి మీదికొస్తున్నా మా ఆఫీసు నుంచి ఒక్క అనుమతీ వెళ్లలేదు. రాజధాని నుంచి డైరెక్టర్ గారు ఫోన్లో అరిచారు. అద్దాలు తీసి చూస్తే సరిపోతుందని నేనొకసారి నసిగాను. "ప్రతిజ్ఞ చేశాం నాయుడూ" అని వైకుంఠరావు గారు బాధగా అన్నారు. ఆయన్ని అనుమానించాల్సిన పనిలేదు. నిజంగానే బాధపడ్డారు.

మర్నాడు పొద్దున ఆయన మొహం వెలిగిపోతూ వచ్చారు. అందర్నీ పిలిచి నిలబడి మాట్లాడారు.

"మన నియమం ప్రకారం పడవ నీలంగా ఉండాలి. మన అద్దాల్లో నీలం కనబడదు. అవునా? అంటే కనబడని పడవ నియమానుసారమైన పడవ. కనబడిన పడవ నియమ విరుద్ధమైన పడవ. కనబడకపోవడమే ఇకపై అర్హత!"

హైమావతి గారు తన జన్మలో ఇంత చక్కని తర్కం వినలేదన్నారు. ఆ పూట నుంచే పని ఊపందుకుంది. ఫొటో తెరవడం, పడవ కోసం వెతకడం, లేకపోతే మంజూరు. అంతకుముందు కొట్టేసిన నీలం పడవలన్నీ అలాగే నెగ్గాయి. ఆ సంగతి ఎలా పొక్కిందో గాని ఊరంతా పాకిపోయింది. రైసు మిల్లు యజమాని ఒట్టి సముద్రాన్ని ఫొటో తీసి పంపాడు. పడవ అనుమతి ఇచ్చాం. ఇంకొకాయన పొరబాటున తన మేనకోడలి పెళ్లి ఫొటో పంపాడు. ఎంత వెతికినా అందులో పడవ కనబడలేదు. దానికీ ఇచ్చాం. రాష్ట్రంలో అన్నిటికంటే వేగంగా అనుమతులిచ్చిన ఆఫీసుగా మాకు ప్రశంస వచ్చింది. వేట మొదలయ్యే రోజున జెండా ఊపడానికి డైరెక్టర్ గారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది.

గురమ్మ మూడోసారి వచ్చినప్పుడు నేనే వరండాలోకి వెళ్లి ఉపాయం చెప్పాను.

"నువ్వు పడవ ఫొటో ఇవ్వకు. ఉత్త సముద్రం ఫొటో తీయించి ఇవ్వు. చిటికెలో అయిపోతుంది."

గురమ్మ నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"పడవ నేనోడు నేదని సెప్పుకుంటాడు. ఉన్నదాన్ని నాను నేదని ఫొటో దిగాలా? మా మావ ఆ పడవ మీదే ఎల్తాడు. అది నేదని నా సేత్తో నాను కాయితం ఇయ్యాలా?"

"పోనీ మళ్లీ నీలం వేసుకో."

"ఎయ్యను. మీ సారు ఎయ్యమంటేనే ఎర్రరంగేసినాను. ఒక్కటి మాత్రం నిజం బాబూ. ఇన్నాల్లూ తెలీలేదు గాని, ఈ రంగు ఒడ్డు మీంచి బాగా ఆనతంది."

గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. నాకు ఆవిడ మీద కోపమొచ్చింది. ఇంత తేలికైన పనికి ఇంత పట్టుదలేమిటని విసుక్కున్నాను. లోపలికెళ్లి కూర్చున్నాక ఆ కోపం ఎవరి మీదో నాకే అర్థం కాలేదు.

వేట మొదలయ్యే రోజు పొద్దున్నే ఒడ్డున షామియానా వేశారు. డైరెక్టర్ గారు వచ్చారు. ఆయన సదస్సునాడు పెట్టుకున్న అద్దాలు, అవీ బెల్లం పాకం రంగువే, నిద్రలో తప్ప తీయరని పేరు. ఆయన పెట్టుకున్నారు కనుక వైకుంఠరావు గారూ, హైమావతి గారూ, నేనూ పెట్టుకునే నిలబడ్డాం. ఆడవాళ్లు అమ్మోరికి పసుపు నీళ్లు చల్లారు. మగవాళ్లు అరుపులతో పడవలను నీళ్లలోకి తోశారు. డైరెక్టర్ గారు జెండా ఊపి సముద్రం వంక చూశారు.

"ఒక్కటే పడవ వెళ్తోందేం?"

"మిగిలినవన్నీ నియమానుసారం కనబడకుండా వెళ్తున్నాయి సార్" అన్నారు వైకుంఠరావు గారు గర్వంగా.

"మరి ఆ కనబడేది?"

వైకుంఠరావు గారి గొంతు తగ్గింది. "అది అక్రమం సార్."

ఎర్ర పడవ మీద దానయ్య వెనక్కి తిరిగి చూడకుండా నిలబడి వెళ్తున్నాడు. దాన్ని వెంటనే పట్టి తెమ్మని డైరెక్టర్ గారు హుకుం జారీ చేశారు. గస్తీ పడవ కోసం కేకలు వేశారు. శాఖవారి గస్తీ పడవ కూడా నీలమే. అది షామియానా ఎదురుగా నీళ్లలో ఎక్కడో ఉంది. వైకుంఠరావు గారు ఒడ్డు పొడుగునా అటూ ఇటూ పరిగెత్తి వెతికారు. దొరకలేదు. దాన్ని నడిపేవాడు ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. అడగందే మాట్లాడకూడదని వాడికి ఎప్పుడో చెప్పారు.

ఇంతలో గురమ్మ జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "ఒకపాలి ఆ అద్దాలిటియ్యి బాబూ" అంటూనే నా మొహం మీంచి లాగేసి తను పెట్టుకుంది. సముద్రం వంక చూసింది.

గురమ్మ మాట్లాడకుండా నిలబడడం నేను అదే మొదటిసారి చూశాను. చాలాసేపు చూసింది. అద్దాలు తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడు తిన్నగా డైరెక్టర్ గారి వైపు తిరిగింది.

"ఇందులోంచేనా బాబూ మీరు మమ్మల్ని సూత్తన్నారు? పడవలు నేవు. మా మనుసులు నీల్లలో నిలబడున్నారు. సారూ, మా పేటలో పడవ కనబడనేదంటే ఆడోల్లం గుండెలు బాదుకుని ఒడ్డుకి పరిగెడతాం. మీరు కనబడనేదని సంతకాలెడతన్నారా?"

నా చేతిలో అద్దాలున్నాయి. మళ్లీ పెట్టుకోబుద్ధి కాలేదు.

"సార్" అన్నాను డైరెక్టర్ గారితో. "సర్క్యులర్లో కంప్యూటర్ ఎదుట అని ఉంది. ఇక్కడ కంప్యూటర్ లేదు. తీసి చూసినా తప్పు లేదు."

నియమం మాట కావడంతో ఆయన ఆలోచించారు. రెండు చేతులతో అద్దాలను నుదుటి మీదికి ఎత్తారు. ఎదురుగా తెల్లవారిన సముద్రం మెరుస్తోంది. దాని నిండా పడవలు. పిల్లల బొమ్మల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, అలల మీద ఎగిరిపడుతూ వెళ్తున్నాయి. ఆయన నోరు తెరుచుకుని అలాగే చూశారు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆయన మీద నాకు ఇష్టం కలిగింది.

"ఎన్ని పడవలయ్యా!" అన్నారు. తర్వాత తనలోని అధికారి గుర్తొచ్చాడు. "వీటిలో ఎన్నింటికి అనుమతి ఉంది?"

వైకుంఠరావు గారు తల వంచుకుని చెప్పారు. "పడవ కనబడని ప్రతి ఫొటోకూ ఇచ్చేశాం సార్."

డైరెక్టర్ గారికి విషయం అర్థమవడానికి కొంతసేపు పట్టింది. సముద్రం నిండా ఉన్నవన్నీ ఎవరూ చూడకుండానే అనుమతులిచ్చిన పడవలు. ప్రశంసాపత్రం మీద సంతకం తనది. ఆయన ఇంకోసారి అటు చూసి, నెమ్మదిగా అద్దాలను కిందికి దించుకున్నారు.

"ఇప్పుడు ఉల్లంఘనలేవీ కనబడడం లేదు" అన్నారు.

"ఆ ఎర్రది మాత్రం కనబడుతోంది సార్" అని హైమావతి గారు గుర్తు చేశారు.

"అదొక్కటేగా. తిరిగొచ్చినప్పుడు ఒడ్డునే పట్టుకుంటే పోయె. దాని రాక కోసం ఒక మనిషిని ఇక్కడ కాపలా పెట్టండి. అద్దాలు అక్కర్లేదు, కంప్యూటర్ లేదు కదా."

ఆ మనిషిని నేనే. నియమం గుర్తు చేసినవాడికి ఆ మాత్రం శిక్ష ఉండాలి.

అప్పట్నుంచి నా ఉద్యోగం ఒడ్డు మీదే. ఆఫీసు కుర్చీ ఒకటి తెచ్చి ఇసుకలో వేసుకున్నాను. పొద్దున్నించీ సముద్రం వంక చూస్తూ కూర్చుంటాను. దూరంగా ఉన్నదేదైనా చూడమని ఆనాడు డాక్టర్ గారు చెప్పారు కదా, ఇప్పుడు అదే నా విధి. కళ్ల మంట పోయింది. తలపోటు పోయింది. రెప్పలు కూడా వాటంతటవే పడుతున్నాయి. రోజూ మధ్యాహ్నం దాటాక ఎర్ర పడవ ఒడ్డెక్కుతుంది. దానయ్య నా వంక చూసి తలాడిస్తాడు. నేనూ తలాడిస్తాను. సాయంత్రం ఆఫీసుకెళ్లి ఆ వేళ్టి రిపోర్టు రాస్తాను.

మొన్న చినుకులు పడుతున్నాయి. గాలి కూడా లేచింది. పడవలన్నీ వచ్చేశాయి గాని దానయ్య పడవ రాలేదు. గురమ్మ ఖాళీ గంప బోర్లించి నా కుర్చీ పక్కనే కూర్చుంది. ఊరికే కూర్చోలేక అడిగింది.

"రోజూ ఏటి రాత్తన్నావు బాబూ మా పడవ గురించి?"

"కనబడలేదని రాస్తున్నాను" అన్నాను. నా తెలివికి నేనే నవ్వుకుంటూ. "మా ఆఫీసులో కనబడని పడవంటే చట్టబద్ధమైన పడవ. నీ జోలికి ఎవరూ రారు."

గురమ్మ నవ్వలేదు. చప్పున లేచి, చెయ్యి చాచి నా నోరు మూయబోయి ఆగింది.

"ఆ మాటనకు బాబూ. కాయితం మీద నీ ఇట్టమొచ్చినట్టు రాసుకో. నోటితో మాత్రం అనకు. ఇక్కడ కూకుని అనకు."

నా నవ్వు ఆరిపోయింది. ఇద్దరం వాన తెరలోకి చూస్తూ నిలబడ్డాం. సముద్రం, ఆకాశం కలిసి ఒకటే ముద్దగా ఉన్నాయి. నా కళ్లకు ఏ అద్దాలూ లేవు. అయినా ఏమీ ఆనడం లేదు. ఎంతసేపు చూశానో తెలియదు. రెప్ప వేయడం మళ్లీ మర్చిపోయాను.

అప్పుడు ఆ ముద్దలో ఒకచోట ఎర్రగా కదిలింది.

"కనబడింది గురమ్మా!" అని అరిచాను. "అదిగో, కనబడింది!"